తమ్ముడూ, ఆ సూది ఎందుకో అడిగి వేయించుకో!



నీరసమన్నా మగ హార్మోను టెస్టోస్టిరానే, కండ రావాలన్నా టెస్టోస్టిరానే. జిమ్‌లో కోచ్ వేయించుకోమంటాడు, ఫోన్లో ప్రకటన ఊరిస్తుంది, మందుల షాపువాడు అడగ్గానే చేతిలో పెడతాడు. ఇది షెడ్యూల్ హెచ్ మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఆ సంగతి అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికే చెప్పరు.

ఇంకో సంగతీ చెప్పరు. ఇదే మందును ప్రపంచ ఆరోగ్య సంస్థ మగవాళ్లకు గర్భనిరోధకంగా వాడి చూసింది. ఏడు దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లకు వారానికి 200 మిల్లీగ్రాముల సూది వేశారు. ఫలితాలు 1990లో అచ్చయ్యాయి. ఆర్నెల్లు తిరిగేసరికి సగానికి పైగా మందికి వీర్యంలో కణమన్నదే లేదు. పిల్లలు పుట్టకుండా వాడి చూసిన సూదిని మనకు మగతనం పేరుతో అమ్ముతున్నారు!

బయటి హార్మోను ఒంట్లో పడగానే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి వృషణాలకు ఆజ్ఞలు పంపడం ఆపేస్తుంది. దాంతో అవి సొంత హార్మోనునూ, వీర్యకణాలనూ తయారుచేయడం మానేసి చిన్నబడతాయి. మందు మానాక చాలామంది కోలుకుంటారు. అందుకు ఆర్నెల్లు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు, కొందరికి రెండేళ్లు. కొందరికి మునుపటిలా రాదు కూడా. ఈలోగా "ఇంకా విశేషం లేదా?" అని మాట పడేది ఎవరు? ఆసుపత్రుల చుట్టూ తిప్పేది ఎవర్ని? ఇంటి కోడల్నే.

ఇక రక్తం. ఎర్రకణాలు పెరిగి చిక్కబడుతుంది. రక్తంలో ఎర్రకణాల వంతు (హెమటోక్రిట్) 54 శాతం దాటితే మందు ఆపాల్సిందే. గుండెజబ్బు గానీ, ఆ ముప్పు గానీ ఉన్న 5 వేలకు పైగా మగవాళ్లపై చేసిన ట్రావర్స్ పరిశోధన 2023లో వెలువడింది. గుండెపోట్లు పెరగలేదు, ఉన్నమాట ఒప్పుకోవాలి. కానీ గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం, కిడ్నీలు దెబ్బతినడం మందు వాడినవాళ్లలోనే ఎక్కువ కనిపించాయి. అదీ డాక్టర్లు రక్తం చూసుకుంటూ, కొలిచి ఇచ్చిన, ఒంటికి రాసుకునే జెల్‌తో! జిమ్ లాకర్లోంచి తీసి పొడిచే డోసుకు ఎవడు పూచీ?

మొటిమలు, రొమ్ములు పెరగడం, కాళ్ల వాపు, బీపీ, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ముదరడం వీటికి అదనం. జెల్ రాసుకునేవాళ్లు ఆ చేత్తో పసిపిల్లల్ని ఎత్తుకోవద్దు, మందు వాళ్ల ఒంటికీ అంటుతుంది.

నిజంగా లోపం ఉన్నవాళ్లకు ఇది మంచి మందే. లోపం తేలాలంటే లక్షణాలు ఉండాలి, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు ఉదయం పూట రక్తపరీక్ష జరగాలి. సాయంత్రం చేసిన ఒక్క పరీక్ష చూసి సూది రాస్తే లేచి వచ్చేయండి. ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నవాళ్లు, ఆర్నెల్లలోపు గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లు, త్వరలో పిల్లలు కావాలనుకునేవాళ్లు దీని జోలికి పోవద్దు.

ఇప్పటికే వేయించుకుంటున్నారా? సిగ్గుపడకండి, మీ అంతట మీరు టక్కున మానేయకండి. హైదరాబాద్ ఉస్మానియా, విశాఖ కేజీహెచ్ లాంటి ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో ఎండోక్రైనాలజీ విభాగాలున్నాయి. వెళ్లి మందు పేరు, డోసు దాచకుండా చెప్పండి. హెమటోక్రిట్, ప్రోస్టేట్‌ను చూసే పీఎస్‌ఏ, వీర్య పరీక్ష చేయించమని అడగండి.

చీటీ లేకుండా ఈ సూది అమ్మే షాపు మీ వీధిలో ఉంటే డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు రాయండి. ఈ కాగితం చదివి పారేయకండి, మీ జిమ్‌లో మరొకరి చేతిలో పెట్టండి.