పాలేరు ఆఫీసరైతే చాలదు, కలం పేటకి రావాలి

బోయి భీమన్న గారి పేరెత్తితే మన కోనసీమలో ఇద్దరు లేస్తారు. ఒకాయన దండ పట్టుకుని లేస్తాడు: "మన మామిడికుదురు బిడ్డ, పద్మభూషణుడు!" అని. ఇంకొకాయన వేలెత్తి లేస్తాడు: "సర్కారు బిరుదులు మోసినవాడు మన ఉద్యమానికెందుకు?" అని. ఇద్దరినీ మేము ఒకటే అడుగుతున్నాం. అయ్యా, 'పాలేరు' నాటకం చదివారా? మీ పేటలో ఒక్కసారైనా ఆడించారా?

ఆడించలేదు. దండ వేసినవాడూ ఆడించలేదు, తిట్టినవాడూ ఆడించలేదు. మా తగువంతా ఇక్కడే.

భీమన్న గారు 1911లో పుట్టారు. చదువుకుని బడిపంతులు చేశారు, పత్రికల్లో పనిచేశారు, ప్రభుత్వ అనువాద శాఖకి డైరెక్టరయ్యారు. 1973లో పద్మశ్రీ, 'గుడిసెలు కాలిపోతున్నై' పుస్తకానికి 1975లో సాహిత్య అకాడమీ బహుమతి, 2001లో పద్మభూషణ్ వచ్చాయి. 2005లో పోయారు. బిరుదుల లెక్క ఇంతే. అసలు పని చేసింది మాత్రం స్వాతంత్ర్యం రాకముందు రాసిన 'పాలేరు'. దొర పశువుల కొట్టంలో పడుండాల్సిన కుర్రాడు చదువుకుని ఆఫీసరవుతాడు. ఆ నాటకం చూసి కొడుకుల్ని పాలేరుతనం మాన్పించి బళ్లో వేసిన తల్లిదండ్రులున్నారని ఆయన గురించి రాసినవాళ్లు చెబుతూ వచ్చారు. ఏ మంత్రి ఉపన్యాసం విని మనోళ్లు పలక కొన్నారు? నాటకం కొనిపించింది!

ఇక సినిమా సంగతి. "నాటకాలెవరు చూస్తారండీ, అంతా సినిమాయే కదా" అంటారు మన కుర్రాళ్లు. సరే, సినిమా దగ్గరికే పోదాం.

1915-16 ప్రాంతంలో రాజమండ్రిలో మూకీ సినిమాలు ఆడుతుంటే తెర పక్కన నిలబడి కథ, మాటలు చదివి జనానికి చెప్పింది ఎవరు? గుర్రం జాషువా! బొమ్మకి నోరు లేని రోజుల్లో నోరిచ్చింది ఒక అంటరానివాడు. తర్వాత 1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు బొమ్మకి మాటొచ్చింది. 1938లో 'మాలపిల్ల' వచ్చింది. గూడవల్లి రామబ్రహ్మం తీశారు. కథ చలం, మాటలు తాపీ ధర్మారావు, సంస్థకి అండ చల్లపల్లి రాజా. ఛాందసుల్ని ఎదిరించి తీసిన సినిమా అది. ఆ గొప్ప వాళ్లకి ఇవ్వాల్సిందే, ఇస్తాం. కానీ చూడండి: పిల్ల మనది, పేట మనది, కన్నీళ్లు మనవి, కథ రాసినాయన, మాటలు రాసినాయన, డబ్బు పెట్టినాయన, ముగ్గురూ పేట బయటివాళ్లే. మూగబొమ్మకి మన గొంతు కావలసొచ్చింది. మాట వచ్చాక మన కలం అక్కర్లేకపోయింది!

తెర మీద ఇలాగుంటే హాల్లో ఎలాగుంది? 1991 జులైలో చుండూరు సినిమా హాల్లో చదువుకున్న దళిత కుర్రాడి కాలు అగ్రకులం వాడికి తగిలిందని గొడవ మొదలైంది. ఆగస్టు 6న 8 మందిని నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. టికెట్టు కొన్నా సీటు మనది కాదని చెప్పిన ఊరది.

అంచేత 'పాలేరు'కి దండం పెట్టి ఊరుకోము, ప్రశ్న కూడా వేస్తాం. చదువుకుంటే, ఆఫీసరైతే అవమానం పోతుందని ఆ నాటకం మాటిచ్చింది. పోయిందా? 2022 మే 24న అమలాపురంలో ఏం జరిగింది? జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామన్నందుకే దళిత మంత్రి ఇంటికి, బీసీ ఎమ్మెల్యే ఇంటికి నిప్పు పెట్టారు. గుడిసెలే కాలతాయనుకున్నాం. మంత్రి ఇల్లు కూడా కాలింది! కుర్చీ ఎక్కినవాడొక్కడే మిగిలితే ఆ కుర్చీ వాణ్ణి కూడా కాపాడదు.

ఇది మనకొక్కళ్లకే వచ్చిన చిక్కు కాదు. దక్షిణాఫ్రికాలో ఆడమ్ స్మాల్ అనే నాటకకర్త ఉండేవాడు. తెల్ల దొరల చట్టం ఆయన మీద 'కలర్డ్' అని ముద్ర వేసింది. దొరల భాష ఆఫ్రికాన్స్‌లోనే, తన పేట జనం మాట్లాడే యాసలో, 1965లో ఒక నాటకం అచ్చువేశాడు. అందులో కన్నా అనేవాడి మీద ఇంటిల్లిపాదీ ఆశ పెట్టుకుంటారు. వాడు ఇంజనీరై పరదేశం పోతాడు. ఇక్కడ ఇల్లు చితికిపోతుంది. తిరిగొచ్చేసరికి తల్లి లేదు. నాటకరచనకి ఆఫ్రికాన్స్ సాహిత్యంలో పెద్దదైన హెర్జోగ్ బహుమతి ఆయనకి 2012లో ఇచ్చారు, 47 ఏళ్ల తర్వాత! మన పాలేరు పైకెళ్లడం భీమన్న గారు చూపించారు. పైకెళ్లినవాడు పేటని మరిచిపోతే ఏమవుతుందో స్మాల్ చూపించాడు. మనకి రెండు నాటకాలూ కావాలి. ఉద్యోగాలొచ్చి కాకినాడలో, హైదరాబాదులో ఇళ్లు కట్టుకున్న అన్నలారా, ఈ మాట మిమ్మల్నే!

"పాత నాటకం, పాత భాష" అని తీసిపారేసేవాళ్లకొక మాట. మా కపిలేశ్వరపురంలో హరికథ నేర్పడానికి సర్వారాయ పాఠశాల వెలిసింది. ఎందరో ఆడపిల్లలు అక్కడ నేర్చుకుని కథ చెప్పారు. చోటు, గురువు, పోషణ ఉంటే ఏ కళయినా నిలబడుతుందని అదే రుజువు. హరికథకి బడి ఉంది. మన కథకి బడి ఏది? దొరలు కట్టించాలని ఎదురు చూద్దామా?

అందుకే చెబుతున్నాం:

ఒకటి. ఈ ఏప్రిల్ 14కి ప్రతి పేటలో 'పాలేరు' వినబడాలి. తెరలూ లైట్లూ లేకపోతే అరుగు మీద కూర్చుని చదవండి. ఆడ పాత్రలు ఆడపిల్లలే చదవాలి. మాల, మాదిగ పేటలు రెండూ కలిసి ఆడాలి.

రెండు. నాటకం అయ్యాక లేచిపోకండి. ఆఫీసరైన పాలేరు తర్వాత ఏం చేశాడో జనాన్నే అడగండి. వాళ్లు చెప్పింది రాయండి. అదే రెండో భాగం.

మూడు. సినిమా పిచ్చి ఉన్న తమ్ముళ్లు హీరోల కటౌట్లకి పాలు పోయడం మాని కథ రాయడం నేర్చుకోండి. మరాఠీలో నాగరాజ్ మంజులే 2013లో 'ఫాండ్రీ' తీశాడు. తమిళంలో పా. రంజిత్ తీస్తున్నాడు. వాళ్లకి ఆకాశం నుంచి ఊడిపడిందా? వాళ్ల వాడల్లోంచి వచ్చింది.

భీమన్న గారి విగ్రహానికి దండ వేయడానికి పది రూపాయలు చాలు. ఆయన నాటకం ఆడటానికి పేట మొత్తం కావాలి. పేట మొత్తం కదలాలనే మేమూ అంటున్నాం.

మన కథ మనమే రాద్దాం. జై భీమ్!