పిండివంటలు – పనితనము

పండుగ వంటలనుగూర్చి మన ప్రజలు చేయు వాదములలో పెక్కు యాజమాన్యమునకు సంబంధించినవి. బొబ్బట్టు మాదని ఆంధ్రులు, ఒబ్బట్టు మాదని కన్నడిగులు, పూరణపోళీ మాదని మహారాష్ట్రులు వాదింతురు. ఈ వాదమున ఎవరు గెలిచినను ఎవరి విస్తరిలోను ఒక్క బొబ్బట్టు అధికముగా పడబోదు. వంటకము ఎవరిదను ప్రశ్నకంటె, దానిని చేయ నేర్చినవారు ఇంకను ఎందరు మిగిలియున్నారను ప్రశ్న ముఖ్యమైనదని మా యభిప్రాయము.

అరిసెను తీసికొందము. సంక్రాంతికి కొత్తధాన్యము ఇల్లు చేరినంతనే తెలుగువారు చేసికొను భక్ష్యమిది. దీనికి బంధువులు దేశమున పలుచోట్ల కలరు. అరవలు దీపావళికి చేయు అదిరసము, మహారాష్ట్రులు అదే పండుగకు గసగసాలద్ది చేయు అనరసె, ఒరియావారి అరిసె పిఠా, ఇవన్నియు ఒక్క తల్లి బిడ్డలే. ఐనను ఏ యింటి మర్యాద ఆ యింటిదే. మహారాష్ట్రులు బియ్యమును మూడుదినములు, దినదినము నీరు మార్చుచు నానవేయుదురు. మనవారు నానిన బియ్యమును తడి యారకమునుపే దంచి, బెల్లపు పాకమున కలిపి చలిమిడి చేయుదురు. పాకము లేతయైనచో అరిసె నూనెలో విచ్చిపోవును. ముదిరినచో పంటికి లొంగదు. చుక్కపాకము నీట వేసి వ్రేళ్లతో ఉండకట్టి చూచుటలోనే ఆ విద్యయంతయు ఉన్నది. అది పుస్తకము చదివిన వచ్చునది కాదు. తెలిసిన చేయి తెలియని చేతికి చూపవలసినది.

ఇక బొబ్బట్టు. దాని తీపికంటె దాని పొదుపు మమ్ము ఎక్కువగా ఆకర్షించుచున్నది. పూర్ణమునకై ఉడికించిన పప్పునుండి వార్చిన కట్టును మహారాష్ట్రులు పారబోయక కటాచి ఆమటి కాచుదురు; కన్నడిగులు ఒబ్బట్టు సారు చేయుదురు; మన యిండ్లలో అది కట్టుచారగును. పండుగనాడు సైతము పప్పునీటిని వృథా చేయని గృహిణుల సంతతివారమైన మనము నేడు చేయుచున్నదేమి? పెండ్లి ముగిసిన పిదప కల్యాణమంటపము వెనుకకు పోయి చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. 2022వ సంవత్సరమున ప్రపంచమున వ్యర్థమైన ఆహారము 105 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి పర్యావరణ శాఖ 2024లో ప్రకటించినది. అందు మన విందుల వంతు లేదని గుండెపై చేయివేసికొని చెప్పగలమా?

వంట అల్పవిషయమని తలచు పెద్దలు కొందరుందురు. 12వ శతాబ్దమున కల్యాణి చాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుడు సంస్కృతమున రచించిన మానసోల్లాసమున రాజనీతితోపాటు వంటకముల తయారీని సైతము వివరించెను. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని ఆతిథ్యమును వర్ణించుచు, వానకాలమున ఒకరీతి, చలికాలమున ఒకరీతి, వేసవిని మరొకరీతి భోజనము వడ్డింపజేసెను. రాజ్యములేలినవారికి అల్పము కానిది మనకెట్లు అల్పమైనది? నేడు మాఘమాసపు పెండ్లియైనను, శ్రావణమాసపు పెండ్లియైనను, కాకినాడయైనను, కరీంనగరమైనను విందు ఒక్కటే. అదే పనీరు కూర, అవే నూడుల్సు, అదే ఐసుక్రీము. ఋతువు తెలియదు, ఊరు తెలియదు.

పరుల వంటలు మనకు వలదని మేము చెప్పుట లేదు. 1498లో పోర్చుగీసులు ఈ దేశమునకు త్రోవ కనుగొనక పూర్వము మన వంటింట మిరపకాయయే లేదు, మిరియమే కారము. వచ్చినదానిని మనదిగా చేసికొంటిమి. హైదరాబాదు హలీము చరిత్రయు అట్టిదే. గోధుమలను మాంసముతో మెత్తగ ఉడికించు హరీసను 10వ శతాబ్దమున బాగ్దాదు వంటలను గ్రంథస్థము చేసిన అల్ వర్రాఖు పేర్కొనెను. ఆ వంటకమే దూరదేశములు దాటి హైదరాబాదు చేరి, పప్పులను, నేతిని, మసాలాను కూర్చుకొని, రంజాను మాసమున కట్టెల భట్టీలపై గంటలతరబడి ఉడికి హలీమైనది. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. బందరు లడ్డుకు 2017లోను, ఆత్రేయపురపు పూతరేకులకు 2023లోను అట్టి గౌరవమే దక్కినది. సంతోషమే. కాని ఆ ముద్ర పేరును కాపాడునేగాని, పలుచని రేకు తీయు చేతికి వారసులను పుట్టింపజాలదు.

ఈ విషయమున తురుష్కదేశమునుండి మనము నేర్వదగినది కలదు. అచ్చట పెండ్లిండ్లకు హలీము వంటిదే కెష్కెకు అను వంటకమును చేయుదురు. స్త్రీలు, పురుషులు కలిసి గోధుమలను, మాంసమును పెద్ద కాగులలో ఉడికించి, డోలు సన్నాయిలు మ్రోగుచుండగ కొయ్యసుత్తులతో మెదుపుదురు. యునెస్కో 2011లో గుర్తించినది ఊరందరు కూడి వండు ఆ సంప్రదాయమును.

మన పూర్వపద్ధతి నిర్దోషమని మేము వాదింపము. మన పిండివంటల వైభవమంతయు స్త్రీల నడుము విరిగిన చాకిరిపై నిలిచినది. పురుషులు పీటలపై కూర్చుండి రుచులెంచుచుండ, వండినవారు చల్లారిన శేషమును భుజించిరి. పంక్తిలో కూర్చుండుటకు అర్హత కొందరికే ఉండెను. ధాన్యము పండించినవారికి విస్తరి వాకిటి వెలుపల పడెను. ఆ యన్యాయమును పునరుద్ధరింపుడని మేము కోరము. చాకిరినుండి విముక్తి కోరి స్త్రీలు బజారు మిఠాయిని ఆశ్రయించినచో తప్పు వారిది కాదు. రోలు దగ్గరకు ఎన్నడును పోని పురుషులది.

కావున మా మనవి స్వల్పమైనది. భూవసతి గల రైతులు సంక్రాంతి పిండివంటలకైనను ఒక మడిలో పాతరకపు వరిని నిలుపుకొనవలెను. పెండ్లి చేయు గృహస్థులు వంటల పట్టికలో సగము తగ్గించి, తమ ఊరివి, ఆ ఋతువునకు తగినవి రెండు మూడైనను చేర్పవలెను. పండుగకు ఒక్క పిండివంటనైనను ఇంటిలోని స్త్రీపురుషులు, పిల్లలు కలిసి చేయవలెను. దానిని ఒకే పంక్తిలో, కులము నడుగక, అందరును తినవలెను. బియ్యము నానవేయుటకు మగవారికి శాస్త్రనిషేధమేమియు లేదు. రాబోవు సంక్రాంతికి పాకము పట్టుట తెలిసిన అవ్వ యెవరైన మీ యింట నున్నచో, ఆమె ప్రక్కన మనుమరాలినే కాదు, మనుమనిని కూడ కూర్చుండబెట్టుడు.