ఇంజనులోని చిన్న తలుపు



అంబాసిడర్ కారు తయారీ 2014లో ఆగిపోయింది. అయినా పాత బండిని ప్రాణంగా చూసుకునే కుటుంబాలు ఉన్నాయి. పెండ్లిళ్లకు, కూటములకు బాడుగకు తిప్పి, నరసాపురం నుండి పాలకొల్లు, చించినాడ వంతెన మీదుగా రాజోలు వెళ్లివచ్చే సహోదరునికి ఆ బండే అన్నం ముద్ద. ఇంజను హెడ్డు వంగితే పిల్లల ఫీజు ఆగిపోతుంది.

బండి వేడెక్కగానే చాలామంది మొదట చేసే పని థర్మోస్టాట్ పీకి పారేయడం. "మన ఎండలకు ఇదెందుకండీ?" అంటారు. ఇంజను చల్లగా ఉన్నంతసేపు ఈ చిన్న తలుపు మూసుకొని, నీటిని రేడియేటరులోకి పోనివ్వదు. తగిన వేడి రాగానే లోపలి మైనం కరిగి ఉబ్బి, తలుపును తెరుస్తుంది. దాన్ని తీసేస్తే ఇంజను సరిగా వేడెక్కదు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిలు చిక్కటి మడ్డి అవుతుంది, రింగులు త్వరగా అరుగుతాయి.

పరీక్ష సులువు. చల్లని ఇంజను స్టార్టు చేసి, ఫ్యానుకు దూరంగా చెయ్యి ఉంచి, పై హోస్ పైపును తాకి చూడండి. కొన్ని నిమిషాలు చల్లగా ఉండి, తరువాత ఒక్కసారిగా వేడెక్కితే థర్మోస్టాట్ మంచిదే. మొదటినుండీ మెల్లగా వేడెక్కుతుంటే అది తెరుచుకొని బిగుసుకుపోయింది. మీటరు ఎర్రగీత చేరినా పైపు చల్లగానే ఉంటే మూసుకొని బిగుసుకుపోయి ఉండవచ్చు. వేడి రేడియేటరు మూత మాత్రం ఎన్నడూ తీయవద్దు. చెయ్యి, ముఖము కాలిపోతాయి.

అనుమానముంటే, బండి పూర్తిగా చల్లారాక దానిని విప్పి, దారంతో గిన్నెడు నీళ్లలో అడుగు తగలకుండా వేలాడదీసి కాచండి. పక్కనే థర్మామీటరు పెట్టండి. దానిమీద 82 అని ఉంటే, ఇంచుమించు ఆ డిగ్రీల వద్ద తెరుచుకోవడం మొదలుపెట్టాలి, నీళ్లు మరిగేలోగా పూర్తిగా తెరుచుకోవాలి, చల్లారితే మూసుకోవాలి. లేకపోతే అదే నంబరుది కొత్తది తెచ్చుకోండి. స్ప్రింగువైపు ఇంజనులోకి ఉండాలి. పాత ప్యాకింగు గీకి, కొత్తది వేయండి.

అది బాగుండి కూడా బండి వేడెక్కితే రేడియేటరును చూడండి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పునీళ్ల బోరు నీరు పోస్తే లోపల తుప్పు, పొక్కు పట్టి దారులు మూసుకుపోతాయి. డిస్టిల్డ్ నీళ్లు, కూలెంటు కలిపి పోయండి.

ఇంటిలోను ఇంతే కదా! కాపురంలో వేడి పుట్టగానే, అదుపు చేసే పెద్దల మాటను, కుటుంబ ప్రార్థనను ముందు తీసి అవతల పెడతాము. లోపల పేరుకున్న ఉప్పు మాత్రం అలాగే ఉంటుంది. ఎప్పుడూ మూసుకున్న నోరు మంచిది కాదు, ఎప్పుడూ తెరిచిన నోరూ మంచిది కాదు. ఈ వారం ఇంటిల్లిపాదీ కూర్చొని ప్రసంగి 3వ అధ్యాయము 7వ వచనము చదువుకొనండి. ఏ తలుపు ఎప్పుడు తెరవాలో ప్రభువే మనకు నేర్పును గాక. ఆమెన్.