పదాలు ఉమ్మడివి, ప్రశ్న అమ్మనుడిది

‘సైన్సు చెప్పడానికి తెలుగు చాలదు’ అనే మాట సరిహద్దు జిల్లాల్లో ఎంతగా పాతుకుపోయిందంటే, మన తల్లిదండ్రులే దాన్ని తీర్పులా తలకెత్తుకుంటున్నారు. నేను న్యాయవాదిని. సాక్ష్యం లేని వాదనను ఒప్పుకోవడం నా వృత్తిధర్మం కాదు. కనుక ఈ వాదాన్ని విచారణకు పెడుతున్నాను.

నాగరగెరె ప్రాంతపు తెలుగు బిడ్డ భౌతికశాస్త్రాన్ని కన్నడంలోనో ఇంగ్లీషులోనో చదువుతున్నాడు. ఆ కన్నడ పుస్తకాన్నే తెరవండి. బలం, శక్తి, సామర్థ్యం, జడత్వం, ద్రవ్యరాశి, గురుత్వాకర్షణ, గ్రహణం: చివరి అక్షరాలు కాస్త మారినా తెలుగు పుస్తకాల్లో ఉన్నవీ ఇవే మాటలు. రెండు భాషలూ ఒకే సంస్కృత నిధి నుండి పారిభాషిక పదాలను తెచ్చుకున్నాయి. పదాలు చాలవన్న వాదం ఇక్కడే వీగిపోయింది. కన్నడానికి చాలిన పదాలు తెలుగుకు ఎందుకు చాలవు?

మన బిడ్డలకు కరవైనది వివరణ. బరువైన మూటను తలపై పెట్టుకొని కదలకుండా నిలబడిన మనిషికి చెమటలు పడతాయి. అయినా ఆ మూటపై అతడు చేసిన పని సున్నా అంటుంది భౌతికశాస్త్రం. ఎందుకంటే మూట కదలలేదు. ఇంట్లో ‘పని’ అన్న మాటకు ఒక అర్థం, శాస్త్రంలో మరొక అర్థం. ఈ తేడాను విప్పి చెప్పాలంటే ఇంటి మాటనుంచే మొదలుపెట్టాలి. లేకుంటే బిడ్డకు నిర్వచనం కంఠస్థమవుతుంది, సందేహం గొంతులోనే ఉండిపోతుంది.

చంద్రుణ్ణి చూడండి. అమావాస్యనాడు చంద్రుడు సూర్యుడివైపే ఉంటాడు కదా, మరి ప్రతి అమావాస్యకూ సూర్యగ్రహణం ఎందుకు పట్టదు? చంద్రుడి కక్ష్య భూకక్ష్యతలానికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉండటమే కారణం. చాలా అమావాస్యల్లో చంద్రుడి నీడ భూమికి పైగానో కిందుగానో సాగిపోతుంది. అమావాస్యను లెక్కపెట్టే ఇంట్లో పెరిగిన పిల్లలకు ఈ ప్రశ్న తెలుగులోనే పుడుతుంది. పుట్టిన భాషలో అడగనివ్వని తరగతిలో అది చచ్చిపోతుంది.

మన గౌరిబిదనూరు తాలూకాలోనే భారత ఖగోళ భౌతిక సంస్థ, రామన్ పరిశోధన సంస్థ కలిసి నెలకొల్పిన రేడియో దూరదర్శిని 1976లో పనికి వచ్చింది. ఇంగ్లీషు ‘టీ’ అక్షరం ఆకారంలో 1,000 యాంటెన్నాలు పరచి, 34.5 మెగాహెర్ట్జ్ వద్ద, అంటే దాదాపు 8.7 మీటర్ల తరంగాలతో ఆకాశాన్ని విన్నారు. సూర్యుణ్ణి గమనించే రేడియో హీలియోగ్రాఫ్ 1997లో వచ్చింది. రేడియో తరంగాలూ వెలుగు వంటివే. సూర్యుడినుండి మనల్ని చేరడానికి రెండింటికీ సుమారు 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. సూర్యుడి సంకేతాలు మన తాలూకాకు చేరుతున్నాయి. వాటి అర్థం మాత్రం మన గడపకు చేరడం లేదు!

‘ఇంగ్లీషు లేకపోతే ఉద్యోగమెలా?’ అంటారు. ఇంగ్లీషు నేర్చుకోవద్దని ఎవరన్నారు? కన్నడం మన రాష్ట్రభాష, దాన్నీ చక్కగా నేర్వాలి. కానీ భాష నేర్వడం వేరు, భాష అడ్డుపడి భావం అందకపోవడం వేరు. గెలీలియో 1632లో తన విశ్వవ్యవస్థల సంవాదాన్ని పండితుల లాటిన్‌ను కాదని జనం మాట్లాడే ఇటాలియన్‌లో రాశాడు. అందువల్ల శాస్త్రం చిన్నబోలేదు.

ఇక చట్టం. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350-ఏ అధికరణ, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందేలా రాష్ట్రాలు ప్రయత్నించాలంటుంది. బిడ్డ మాతృభాష ఏదో నిర్ణయించేది తల్లిదండ్రులేనని 2014లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. బడిలో 40 మంది గాని, తరగతిలో 10 మంది గాని ఉంటే ఆ భాష ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలన్న ప్రమాణం 1949 నాటి విద్యామంత్రుల సమావేశం నుండే ఉంది. 350-ఏ ప్రాథమిక దశతో ఆగుతుంది, నిజమే. కానీ నీడ, పగలూ రాత్రీ, చంద్రకళలు బిడ్డ మనసులో నాటుకునేది ఆ వయసులోనే.

తెలుగు తల్లిదండ్రులారా! బడి పట్టికలో మాతృభాష గడిలో ‘తెలుగు’ అని రాయించండి. పదిమంది కూడి లిఖితపూర్వకంగా అర్జీ పెట్టి, అందినట్లు రసీదు తీసుకోండి. ఏ మాధ్యమమైనా సరే, సైన్సు పాఠం తర్వాత పది నిమిషాలు తెలుగులో వివరించమని, మూడు భాషల పదపట్టిక గోడకు తగిలించమని కోరండి. నోటిమాటకు దస్త్రంలో చోటు లేదు. కాగితం మీదికి ఎక్కని హక్కును ఏ అధికారీ చూడడు.