కుర్చీని కిలోలతో కొలవకండి

ఫర్నిచర్ షాపులో మనవాళ్ళు ముందుగా అడిగేది "ఎన్ని కిలోలు మోస్తుంది?" అనే. "నూట యాభై కిలోలండీ, దర్జాగా కూర్చోండి" అన్న జవాబు అమ్మేవాడి దగ్గర సిద్ధంగా ఉంటుంది. ఆ మాటతో సగం బేరం తెగిపోతుంది. మిగతా సగం సీటును వేళ్ళతో నొక్కి చూడటంతో, ఇనుము మందం తడిమి చూడటంతో పూర్తవుతుంది. కదలని నాలుగు కాళ్ళ కుర్చీకి ఈ పరీక్ష చాలావరకు సరిపోతుంది. కానీ ఇప్పుడు నగరాల షోరూముల్లో స్వివెల్ రాకర్ పేరుతో వస్తున్న కుర్చీ చుట్టూ తిరుగుతుంది, ముందుకూ వెనక్కీ ఊగుతుంది కూడా. దానికి ఈ పరీక్ష పనికిరాదు. పైగా కొనేవాణ్ణి తప్పుదారి పట్టిస్తుంది.

మందంగా ఉన్నదే గట్టిదనీ, ఎక్కువ కిలోలు మోసేదే ఎక్కువ కాలం మన్నుతుందనీ మనకొక గట్టి నమ్మకం. అమ్మేవాళ్ళు దాన్ని పెంచి పోషిస్తున్నారు, కొనేవాళ్ళు తలూపుతున్నారు, రిపేరు చేసేవాళ్ళు దాన్నే నమ్మి వెల్డింగు మీద వెల్డింగు పెడుతున్నారు. నా వాదన ఒక్కటే. ఈ రకం కుర్చీని పాడుచేసేది మనిషి బరువు కాదు, ఆ బరువు ఇరుసుకు ఎంత దూరంలో పడుతోందన్నది. కిలోల లెక్కలో ఆ దూరానికి చోటే లేదు.

చిన్న లెక్క వేద్దాం. సీటును కింది యంత్రానికి బిగించే ఉక్కు ప్లేటుకు ముందు వరుసలో రెండు బోల్టులు, వెనుక వరుసలో రెండు బోల్టులు ఉన్నాయి. వరుసల మధ్య దూరం 15 సెంటీమీటర్లు అనుకుందాం. 80 కిలోల మనిషి బరువు సరిగ్గా ఇరుసు మీదే పడితే ఒక్కో వరుసకు 40 కిలోలు వస్తాయి. ఇప్పుడతను జారగిలబడి వెనక్కి వాలాడు. బరువు ఇరుసుకు 15 సెంటీమీటర్లు వెనక్కి జరిగింది. వెనుక వరుస మీద ఇప్పుడు 120 కిలోల ఒత్తిడి. ముందు వరుసను 40 కిలోల బలం పైకి లాగుతోంది. కూర్చున్నది 80 కిలోల మనిషే అయినా కుర్చీకి ఒకచోట 120 కిలోల నొక్కుడు, మరోచోట 40 కిలోల పీకుడు. ఇదే ప్లేటు మీద వరుసల మధ్య దూరాన్ని 30 సెంటీమీటర్లకు పెంచితే వెనుక వరుస మీద 80, ముందు వరుస మీద సున్నా. మనిషి మారలేదు, వాలు మారలేదు, ఉక్కు మారలేదు. బోల్టుల మధ్య దూరం ఒక్కటే మారింది. ప్లేటు మందం రెట్టింపు చేసినా మొదటి లెక్కలోని 120, 40 అలాగే ఉంటాయి. ప్లేటు వంగడం తగ్గుతుందేమో గానీ బోల్టు మీద పీకుడు తగ్గదు. నీళ్ళబిందెను చంకనెత్తుకుని ఊరంతా తిరిగే మనిషి, అదే బిందెను చాచిన చేత్తో పట్టుకోమంటే నాలుగడుగులు వేయలేడు.

బోల్టులకు వర్తించేదే తిరిగే బేరింగుకూ వర్తిస్తుంది. ఈ కుర్చీల్లో చాలావాటికి రెండు ఉక్కు రేకుల మధ్య గోళీలు దొర్లే బేరింగు ఉంటుంది. బరువు గోళీల వలయం లోపల, మధ్యకు దగ్గరగా పడితే గోళీలన్నీ కిందికి నొక్కుకుంటాయి. వలయం దాటి బయట పడితే ఒక పక్క గోళీలు నలుగుతాయి, ఎదుటి పక్క రేకు పైకి లేవజూస్తుంది. దాన్ని ఆపేది అంచున మడతపెట్టిన రేకు మాత్రమే. మనిషి ఊగిన ప్రతిసారీ ఆ మడతకు పరీక్షే. కొన్నాళ్ళకు మడత తెరుచుకుంటుంది, లూజు వస్తుంది, వాలినప్పుడల్లా టక్కుమని చప్పుడవుతుంది. "బోల్టులు వదులయ్యాయి, బిగిస్తే పోతుంది" అంటారు. బిగిస్తారు. వారం తిరక్కుండానే మళ్ళీ చప్పుడు. లూజు వచ్చింది బోల్టులో కాదు, వలయం చిన్నదిగా ఉండటంలో.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన రహస్యం కాదు. అమెరికాలో థామస్ జెఫర్సన్ 1776 ప్రాంతంలో తన విండ్సర్ కుర్చీని తిరిగే కుర్చీగా మార్పించుకున్నాడని చెబుతారు. మధ్యలో ఇనుప ఇరుసు, తిరగడానికి కిటికీ తాళ్ళకు వాడే తరహా చిన్న కప్పీలు. ఆ కుర్చీ ఇప్పటికీ ఫిలడెల్ఫియాలోని అమెరికన్ ఫిలాసఫికల్ సొసైటీ దగ్గర ఉంది. భారమంతా ఇరుసు నెత్తిన పెట్టకుండా దొర్లే వాటికి పంచాలన్న తెలివి అందులోనే ఉంది. 1849లో థామస్ వారెన్ రూపొందించిన సెంట్రిపెటల్ స్ప్రింగ్ కుర్చీ ఇంకో మెట్టు ఎక్కింది. సీటు కింద వంచిన ఉక్కు స్ప్రింగులు, నడుమ ఇరుసు. ఎటు వాలినా ఊగేది, తిరిగేది కూడా. 1851లో లండన్ గ్రేట్ ఎగ్జిబిషన్‌లో దాన్ని ప్రదర్శించారు. తిరగడాన్నీ ఊగడాన్నీ ఒకే కుర్చీలో కలపడం నూట డెబ్భై ఏళ్ళ కిందటే జరిగిపోయింది. మన షాపుల్లో ఇప్పటికీ సాగుతున్నది కిలోల కబుర్లే.

ఊగడం సంగతి చూద్దాం. పాతకాలపు ఊగుడు కుర్చీకి కింద రెండు వంపు చెక్కలుంటాయి. వడ్రంగులు వాటి వంపుకు సుమారు మీటరు వ్యాసార్ధం పెడతారు. మనిషితో కలిపి కుర్చీ గరిమనాభి నేల నుంచి దాదాపు అరవై, డెబ్భై సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. వంపు కేంద్రం గరిమనాభి కన్నా పైన ఉన్నంతకాలం కుర్చీ తనంతట తానే నిలువుకు తిరిగొస్తుంది. కిందికి దిగితే తిరిగి రాదు, పడిపోతుంది. స్ప్రింగు లేకుండా, కేవలం ఆకారంతో నడిచే యంత్రమిది. ఇంకో గొప్పతనం కూడా ఉంది. మనిషి వెనక్కి వాలితే చెక్క నేలను తాకే చోటు కూడా వెనక్కి జరిగి, బరువు కిందికే వచ్చి నిలబడుతుంది.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో వచ్చిన ప్లాట్‌ఫారం రాకర్ ఈ వంపు చెక్కలను నేల మీంచి తీసి, కదలని బేస్ మీదికి ఎక్కించింది. తివాచీ అరగదు, కుర్చీ గదిలో పాకదు. దానికి చెల్లించిన మూల్యం ఏమిటంటే, నేల మీద నిలిచేది కదలని బేస్ మాత్రమే. బరువు ఎంత వెనక్కి జరిగినా బేస్ వెంట రాదు. ఇక వంపు బేస్ మీంచి జారకుండా పట్టేది, ఊపును వెనక్కి తెచ్చేది స్ప్రింగులే. దీని కింద తిరిగే బేరింగు పెడితే స్వివెల్ రాకర్ తయారవుతుంది. దీన్ని రెండు సుఖాల కూడికగా అమ్ముతున్నారు. నిజానికి ఊగడానికి బరువు ఇరుసు నుంచి పక్కకు జరగాలి, తిరగడానికి బరువు ఇరుసు మీదే ఉండాలి. ఒకదానికి కావలసిందే రెండోదానికి గిట్టదు. ఈ పేచీని ఎక్కడ, ఎలా తీర్చారన్నదే డిజైన్. సీటు ఎత్తి చూడనివాడికి అది కనిపించదు.

ఊగే భాగం పైనా, తిరిగే భాగం కిందా ఉండాలి. తలకిందులు చేస్తే మనిషి పక్కకు తిరిగినా కుర్చీ పాత దిశలోనే ఊగుతుంది, పడవలో అడ్డంగా కూర్చున్నంత ఇబ్బంది. సరైన వరుసలోనే పెట్టినా ఒక చిక్కు మిగులుతుంది. మనిషితో పాటు ఊగే దిశ కూడా తిరుగుతుంది గనుక కుర్చీ వెనుక భాగం బేస్‌లో ఏ వైపుకైనా రావచ్చు. బేస్‌కు నక్షత్రంలా నాలుగు కాళ్ళుండి, ఒక్కోటి 30 సెంటీమీటర్ల పొడవు ఉందనుకోండి. కాలి వైపు వాలితే బోల్తాకు హద్దు 30 సెంటీమీటర్లు. రెండు కాళ్ళ మధ్య ఖాళీ వైపు వాలితే 21 సెంటీమీటర్లే. ఐదు కాళ్ళుంటే ఆ హద్దు 24, గుండ్రని వలయమైతే ఎటు వాలినా 30. ఆఫీసు కుర్చీలకు ఐదు కాళ్ళు ఉండటం వెనుక ఉన్న లెక్క ఇదే. నూట యాభై కిలోల లేబులున్న నాలుగు కాళ్ళ బేస్ మీద అరవై కిలోల మనిషి మూలకు తిరిగి వాలినా బోల్తాపడే వీలుంది. ఆ 21 సెంటీమీటర్ల గురించి లేబులు నోరు విప్పదు.

"పరీక్షలు చేశాకే కదా కిలోలు వేస్తారు?" అని అడగొచ్చు. బరువు పెట్టి విరగలేదని తేల్చడం అవసరమే, కాదనను. కానీ పరీక్షల సంగతి బాగా తెలిసినవాళ్ళు అక్కడితో ఆగలేదు. అమెరికాలో ఆఫీసు కుర్చీలకు వాడే బిఫ్మా ప్రమాణంలో వెనక్కి వాలే యంత్రాన్ని 3,00,000 సార్లు వాలుస్తారు, తిరిగే భాగాన్ని 1,20,000 సార్లు తిప్పుతారు. వెనక్కి పడుతుందా, ముందుకు పడుతుందా అని వేరుగా చూస్తారు. కిలోలు ఒక్కటే చాలవన్న ఒప్పుకోలు అందులో ఉంది. పైగా అది ఆఫీసు కుర్చీ లెక్క. ఊగుడు కుర్చీలో నిమిషానికి ముప్పై ఊపులనుకున్నా, రోజుకు అరగంట ఊగితే ఏడాదికి 3,28,500 ఊపులు. ఆఫీసు కుర్చీలో వాలడానికీ ఇంట్లో ఊగడానికీ కోణంలో తేడా ఉంటుంది, నిజమే. అయినా ఆఫీసు కుర్చీ జీవితకాలానికి పెట్టిన పరీక్షను ఊగుడు కుర్చీ ఏడాదిలోపే దాటేస్తుంది. ఉక్కు స్ప్రింగు ఒక్క పెద్ద బరువుకు విరగడం అరుదు. లక్షల చిన్న వంపులకు అలసి విరుగుతుంది.

"బరువైన కుర్చీయే కదలకుండా నిలబడుతుంది" అన్న వాదనలో సగం నిజముంది. బరువు బేస్‌లో ఉంటే గరిమనాభి కిందికి దిగుతుంది, కుర్చీ నిలకడ పెరుగుతుంది. అదే బరువు ఎత్తయిన వీపుదిమ్మలో, మందపాటి చేతుల్లో ఉంటే, వాలిన ప్రతిసారీ మనిషికి తోడుగా అదీ వెనక్కి లాగుతుంది. షాపులో చూపించే "బరువు" ఎక్కువగా ఈ రెండో రకమే. కొనేవాడి చేతికి తగిలేది వీపుదిమ్మే మరి, బేస్ కాదు.

"వదులైతే వెల్డింగు పెట్టిస్తే సరి" అన్నది ఇంకా ప్రమాదకరమైన మాట. స్ప్రింగు ఉక్కుకు వేడిచేసి చల్లార్చిన పదును ఉంటుంది. పక్కన వెల్డింగు మంట తగిలితే ఆ పదును పోతుంది, అతుకు అంచున లోహం పెళుసవుతుంది. అతుకు గట్టిగానే ఉంటుంది, దాని పక్కన స్ప్రింగు విరుగుతుంది. అప్పుడు నింద మళ్ళీ స్ప్రింగు నాణ్యత మీదికే పోతుంది.

ఇంత రాద్ధాంతం ఒక కుర్చీ కోసమా అని ఎవరైనా అనొచ్చు. ఈ కుర్చీలు ఎక్కువగా ఎవరి కోసం కొంటున్నారో చూడండి. పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకున్న తల్లి కోసం, వయసు మీదపడిన అమ్మానాన్నల కోసం. పెద్దవాళ్ళు లేచేటప్పుడు చేతుల మీద బలమంతా పెట్టి ముందుకు వంగుతారు. ఆ క్షణంలో బరువు ఇరుసుకు ముందు పడుతుంది, సీటు పక్కకు తిరిగిపోవచ్చు. తిరగకుండా ఆపే లాకు లేని స్వివెల్ రాకర్‌ను వృద్ధుల గదిలో పెట్టడం అవివేకం. ఈ మాట చెప్పే లేబులు కావాలి. అది లేకుండా "150 కి.గ్రా." అని రాయడం సమాచారం కాదు, ధైర్యం చెప్పడం మాత్రమే.

కాబట్టి షాపులో అడిగే ప్రశ్న మార్చండి. కుర్చీని తలకిందులు చేయించి చూడండి. గోళీల వలయం ఎంత వెడల్పుంది? బోల్టుల మధ్య ఎంత దూరముంది? బేస్ గుండ్రనిదా, కాళ్ళదా? కాళ్ళదైతే, రెండు కాళ్ళ మధ్య ఖాళీ వైపుకు సీటును తిప్పి, పక్కన ఒకరిని పట్టుకోమని వెనక్కి వాలి చూడండి. తిరగకుండా లాకు ఉందో లేదో అడగండి. స్ప్రింగులు విడిగా మార్చుకునే వీలుందా, యంత్రమంతా ఒకే ముద్దా కనుక్కోండి. తయారీదారులు లేబులు మీద కిలోలతో పాటు ఇరుసు నుంచి ఎంత దూరంలో ఆ కిలోలు పెట్టి చూశారో, ఎన్నిసార్లు ఊపి చూశారో రాయాలి. అది రాయనివాడు నూట యాభై అన్నా, మూడు వందలన్నా ఆ అంకె మీకు ఏమీ చెప్పదు. అలాంటి కుర్చీ కొనకుండా బయటికి వచ్చేయండి. నాలుగు బేరాలు అలా పోతే, అడిగిన వివరాలు వాళ్ళే వెతికి రాస్తారు.