పరదేశ సేవ – పొరుగు భాష

విదేశాలకు వెళ్లి స్వచ్ఛంద సేవ చేయాలన్న అభిలాష మన విద్యార్థులలో కలగడం హర్షణీయం. అయితే సేవ అంటే ఇవ్వడం మాత్రమే అనుకోవడం పొరపాటు. అది నేర్చుకోవడం కూడా.

స్విట్జర్లాండుకు చెందిన ఇంజనీరు పియేర్ సెరెసోల్ 1920లో, మొదటి ప్రపంచ యుద్ధంలో ధ్వంసమైన ఒక ఫ్రెంచి గ్రామాన్ని పునర్నిర్మించడానికి, నిన్నటి శత్రువులైన జర్మన్లతో సహా కొందరిని కూడగట్టారు. 1934లో బీహారును భూకంపం కుదిపివేయగా సముద్రాలు దాటి వచ్చి, గ్రామీణులతో కలిసి పార పట్టి ఇళ్లు కట్టారు. మాటలు కాదు, చేతలు అన్నదే ఆయన ఉద్యమ సూత్రం. అమెరికా శాంతిదళం పక్షాన లిలియన్ కార్టర్ 1966లో, 68 ఏళ్ల వయసులో, బొంబాయి చెంత విఖ్రోలీకి వచ్చి రోగులకు నర్సుగా సేవ చేశారు.

భాష రానివాడు పరాయి ఊరిలో లేమిని చూడగలడు గాని, అక్కడివారి తెలివిని, ఆత్మాభిమానాన్ని చూడలేడు. ఏమి కావాలో వారిని అడగకుండా చేసే సేవ దానమవుతుంది గాని స్నేహం కాజాలదు.

మరి మన సంగతి ఏమిటి? ఒకే వరండాలో మూడేళ్లు నడిచిన ఉర్దూ, తెలుగు విద్యార్థులలో ఒకరి లిపి మరొకరికి రాదు. ఈ సంచికను సగమే చదివి మూసివేసేవారు ఎందరో! నేనూ వారిలో ఒకడినే. కళాశాల కమిటీవారు వారానికి ఒక్క గంట పరస్పర భాషాబోధనకు కేటాయిస్తే, సేవాశిక్షణ ఇక్కడే ఆరంభమవుతుంది. సముద్రం దాటదలచినవారు ముందు ఈ వరండా దాటాలి.