ఈగ గుండెను ఈసడించేవారికి

బొర్రా గుహలు చూసి తిరిగి వస్తుంటే, దారిపక్కన మగ్గి పగిలిన పనసపండు మీద చిట్టి ఈగలు ముసిరి ఉన్నాయి. "వీటి గుండె మీద కూడా పరిశోధనలట! ఇక్కడ మన్యంలో జ్వరం మాత్రకు గతిలేదు గానీ..." అని ఒక మిత్రుడు పకపకా నవ్వాడు. అప్పుడు ఊరుకున్నాను. జవాబు ఇప్పుడు చెబుతున్నాను.

బొర్రా గుహ నీరు సున్నపురాతిని కరిగించగా ఏర్పడిన బోలు. ఈగ పిండంలోని గుండెగొట్టం అలా తొలిచినది కాదు. కుడి ఎడమల నుంచి రెండు వరుసలుగా 104 కణాలు వీపు వైపుకు నడిచివచ్చి, మధ్యరేఖ వద్ద కలిసి, తమ నడుమ ఖాళీని మిగుల్చుకుంటాయి. ఈ కణాల పుట్టుకకు మూలం టిన్‌మాన్ అనే జన్యువు. పిండం పైపొర నుంచి వచ్చే డీపీపీ అనే సంకేతం దానిని వీపు వైపున మాత్రమే నిలిపి ఉంచుతుంది. ఆ జన్యువు లోపిస్తే గుండే పుట్టదు. అందుకే దానికి ఓజ్ కథలో గుండెలేని రేకుమనిషి పేరు పెట్టారు.

ఈ సంగతి 1993లో తేలింది. దాని మానవ బంధువు ఎన్‌కేఎక్స్2-5. గుండె పైగదుల నడిమి గోడకు చిల్లుతో కొన్ని కుటుంబాలలో తరతరాలుగా బిడ్డలు పుట్టడానికి ఈ జన్యువులోని మార్పులే కారణమని 1998లో రుజువైంది.

మన ఊళ్ళలో అటువంటి బిడ్డ పుడితే ఏమంటాము? గ్రహణంనాడు తల్లి బయట తిరిగిందంటాము, పూర్వజన్మ పాపమంటాము. అన్ని చిల్లులకూ ఈ ఒక్క జన్యువే మూలమని నేననను. కానీ ఆ తల్లి తరఫున సాక్ష్యం చెప్పడానికి వచ్చినది పురాణం కాదు, పండితుడు కాదు, ఈగ!

ఇక మన్యంలో మందుల మాట. ఆ బాధ నిజమైనదే. కానీ నేరం ఈగ మీద మోపుతారేమి? బొర్రా పరిసర గ్రామాల గనుల వివాదం నుంచి పుట్టినదే 1997 నాటి సమత తీర్పు. గనుల నికరలాభంలో కనీసం 20 శాతం నీటివసతికీ, బడులకూ, ఆసుపత్రులకూ కేటాయించాలని సుప్రీంకోర్టు అందులోనే చెప్పింది. మాత్ర ఏదని అడగదలచినవారు ఆ లెక్క అడగాలి. ప్రయోగశాలలో ఈగకు పెట్టే పిడికెడు మేత లాక్కుంటే మన్యంలో ఆసుపత్రి లేవదు.

పనసపండు దగ్గర నవ్విన మిత్రమా, నీ కోపం మంచిదే. గురి మాత్రం తప్పింది.